జీతం పెంచమని అడిగే ముందు: అనంతపురంలో అకౌంట్స్ చూసే ఆడవాళ్లకు

బట్టల షాపులో అయినా, ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో అయినా, శెనక్కాయ మిల్లులో అయినా లెక్కలు చూసే మనిషికి "నమ్మకంగా చేస్తాదప్పా" అన్న మెప్పు త్వరగానే దక్కుతుంది. జీతం మాత్రం ఆ మెప్పు వెంట రాదు. బిల్లు తప్పు పోతే షాపంతా తెలుస్తుంది, తప్పు పోకుండా మీరు ఆపిన రోజు ఎవరికీ తెలీదు. అందుకని అడగడానికి కనీసం మూడు నెలల ముందే పని మొదలుపెట్టాలి.

ముందు ఒక పని పుస్తకం పెట్టుకోండి. 100 పేజీల నోటుబుక్కు చాలు. శనివారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏం చేశారో, దానివల్ల ఎంత మిగిలిందో, ఎంత వసూలైందో రాయండి. "బిల్లులు ఎక్కించాను" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "రెండు నెలలుగా నిలిచిన 32,000 బాకీకి ఫోన్లు చేసి 20,000 రాబట్టాను, మిగతాది 10వ తేదీకి" అని రాయాలి. మూడు నెలలది ఒకేసారి రాద్దామనుకుంటే అంకెలు గుర్తుండవు. అంకె లేని మాటకు ఓనరు దగ్గర విలువ ఉండదు.

రెండోది, షాపుకు డబ్బు మిగిల్చే ఒక్క పని గట్టిగా నేర్చుకోవడం. స్పోకెన్ ఇంగ్లీషు, టాలీ, డిజైనింగ్ అంటూ అన్నిట్లో ఒకేసారి చేరితే ఏదీ చేతికి రాదు. అకౌంట్స్ వాళ్లకు మా సలహా జీఎస్టీఆర్-2బీ సరిచూడటం. మన కొనుగోళ్ల మీద కట్టిన పన్నులో ఎంత క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, వస్తుందో చూపే పట్టీ ఇది. సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) ఎక్కించిన బిల్లే మన 2బీలో కనబడుతుంది. సూరత్ నుంచి లక్ష రూపాయల చీరలు తెప్పిస్తే 5 శాతం చొప్పున 5,000 పన్ను కలిపి కట్టి ఉంటారు. సప్లయర్ ఆ బిల్లు ఎక్కించకపోతే ఆ నెల ఆ క్రెడిట్ రాదు. 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ (నెల పన్ను కట్టే రిటర్ను) వేసేటప్పుడు ఓనరు అదే 5,000 మళ్లీ చేతినుంచి కట్టాలి.

నెలనెలా రిటర్ను వేసే షాపుకు 2బీ 14న వస్తుంది, అంటే మీ చేతిలో ఉండేది ఆరు రోజులే. జీఎస్టీ పోర్టల్ నుంచి దాన్ని ఎక్సెల్‌లో దించుకుని, కొనుగోలు రిజిస్టరును పక్క షీటులో పెట్టండి. రెండు షీట్లలోనూ సప్లయర్ జీఎస్టీ నంబరునూ బిల్లు నంబరునూ & గుర్తుతో కలిపి కొత్త కాలమ్ చేయండి. ఆపై కొనుగోలు షీటులో వీలుకప్ (VLOOKUP, వెతికి పక్క అంకె తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) వేసి, ఆ కాలమ్‌ను 2బీ షీటులో వెతికి పన్ను అంకె తెచ్చుకోండి. ఒక్క బిల్లు నంబరుతోనే వెతికితే ఇద్దరు సప్లయర్ల 118వ నంబరు బిల్లులు కలగలిసిపోతాయి. 2బీ షీటులో ఈ కొత్త కాలమ్ పన్ను కాలమ్‌కు ఎడమవైపు ఉండాలి, ఫార్ములాలో ఎంచుకునే కాలమ్‌ల వరస దానితోనే మొదలవ్వాలి. వీలుకప్ ఎడమనుంచి కుడికే చూస్తుంది. ఫార్ములా చివర సున్నా పెట్టడం మరవద్దు, లేకపోతే దగ్గరగా ఉన్న ఇంకో బిల్లు అంకె తెచ్చి పెడుతుంది.

దొరకలేదని చూపగానే సప్లయర్‌కు ఫోన్ చేయకండి. సగం గొడవ టైపింగ్‌లోనే ఉంటుంది: నంబరు వెనక ఖాళీ, సున్నా బదులు ఓ అక్షరం, మీరు 118 అని రాస్తే వాళ్లు సంవత్సరం కలిపి రాయడం. ఖాళీలు ఎక్సెల్‌లోని ట్రిమ్ (TRIM) ఫార్ములాతో పోతాయి, మిగతావి కంటితో చూసి దిద్దాలి. అప్పటికీ మిగిలినవే నిజంగా ఎక్కించని బిల్లులు. వాటి జాబితా ఓనరుకు ఇచ్చి, ఒక కాపీ మీ పుస్తకంలో అంటించండి.

సాధన ఇంటికి వెళ్లాక చేద్దామనుకుంటే వంటా, పిల్లల హోంవర్కూ ముందుకొస్తాయి. మన ఊళ్లో మధ్యాహ్నం ఎండకు గిరాకీ పలచబడుతుంది, ఆ అరగంట వాడుకోండి. షాపు లెక్కలు మాత్రం అడగకుండా సొంత ఫోన్లోకి ఎక్కించుకోవద్దు.

ఇక అడగడం. ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ, ఏప్రిల్ జీతాలు తేలకముందే అడగాలి. 11, 20 తేదీల దగ్గర ఓనరు తల రిటర్నుల్లో ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్లో కౌంటర్లో ఉంటుంది. గిరాకీ లేని పూట "సార్, పది నిమిషాలు మాట్లాడాలి" అని ముందే చెప్పి కూర్చోండి. "మూడు నెలల్లో 18,400 క్రెడిట్ పోకుండా ఆపాను, బాకీలు ఇంత వసూలు చేశాను. ఇప్పుడు 14,000 ఇస్తున్నారు, ఏప్రిల్ నుంచి 17,000 చేయండి సార్." అంత చాలు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, పక్క కౌంటరు అమ్మాయి జీతం ఈ మాటల్లోకి రానివ్వద్దు. అంకె చెప్పాక ఆగండి. చాలామంది ఆ మౌనం భరించలేక "పోనీ 15,000 అయినా" అని వాళ్లే తగ్గించేసుకుంటారు. ఇది చాలా బాధాకరం, మూడు నెలల కష్టం ఒక్క మాటలో పోతుంది.

"చూద్దాం లేమ్మా" అంటే "25న మళ్లీ రానా సార్?" అని తేదీ అడగండి. ఆ సాయంత్రమే "ఈ రోజు మాట్లాడుకున్నట్టు 25న కలుస్తాను" అని వాట్సాప్ పెట్టండి.

"పీఎఫ్ లేకుండా మొత్తం చేతికే ఇస్తాం" అంటే సంబరపడకండి. 20 మంది, అంతకు పైగా పనిచేసే చోట మీ 12 శాతానికి తోడు యజమాని కూడా 12 శాతం వేయాలి, అందులో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది. చేతికి తీసుకుంటే ఆ వాటా పోతుంది.

తేదీలు మారుతూనే ఉండి వేరే చోట చేరితే, రిలీవింగ్ లెటర్ తీసుకుని, పీఎఫ్ తీసేయకుండా పాత యూఏఎన్‌కే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరుకే) బదిలీ చేయించుకోండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, పెన్షన్ డబ్బు తీసేస్తే ఆ లెక్క మొదటికొస్తుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు పీఎఫ్‌లో పాత పేరే ఉండి బదిలీ ఆగిపోతుంటుంది. పాత కంపెనీలో ఉన్నప్పుడే పేరు సరిచేయించండి. మానేశాక అయితే ఒక్క సంతకానికి వాళ్ల చుట్టూ తిరగాల్సి రావచ్చు.