గుమాస్తా లైసెన్స్ రెన్యువల్ పేరుతో డబ్బు కట్టే ముందు: మహారాష్ట్రలో చిన్న అంగళ్లకు దరఖాస్తు విధానం

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, సిరోంచ వైపు అంగడి నడుపుకునే మన తెలుగువాళ్ల దగ్గరికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. "మీ గుమాస్తా లైసెన్స్ (అంగడి రిజిస్ట్రేషన్) గడువు అయిపోయింది, రెన్యువల్ చేయించకపోతే ఫైన్ పడుతుంది" అని భయపెట్టి వేలల్లో పట్టుకుపోతున్నారు. చిన్న అంగళ్లకు ఇప్పుడు ఆ రెన్యువల్ అనేదే లేదు. తెలియక కట్టినవాళ్లను చూసి బాధేసి ఇది రాస్తున్నాను.

అంగళ్ల పాత చట్టం 1948 నాటిది. దాని కింద చిన్న కిరాణా కొట్టుకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, గడువు తీరగానే మళ్లీ చేయించుకోవాలి. దాన్ని రద్దు చేసి తెచ్చిన కొత్త చట్టం 2017 డిసెంబర్ 19 నుంచి అమల్లో ఉంది. పదిమంది కంటే తక్కువ పనివాళ్లున్న అంగడికి లైసెన్స్ అక్కర్లేదు, "ఫలానా చోట అంగడి పెట్టాను" అని ఆన్‌లైన్‌లో ఒక సూచన, అంటే సమాచారం, ఇస్తే చాలు అని ఆ చట్టం చెప్పింది. 2025లో ఆ పదిని ఇరవైకి పెంచారు. కిరాణం, టైలరింగ్, మొబైల్ రిపేరు, టీ హోటల్ లాంటి అంగళ్లలో దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. పనివాళ్లు ఒక్కరూ లేకపోయినా సూచన ఇవ్వవచ్చు.

ఈమధ్య ఇంకో మాట చెబుతున్నారు: "లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) వచ్చాయి, పాత పావతీ (సూచన ఇచ్చినందుకు వచ్చే రసీదు) చెల్లదు, మళ్లీ కొత్తగా చేయించుకోవాలి" అని. కేంద్రం 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చి 29 పాత చట్టాలను పక్కనపెట్టిన మాట నిజమే. కానీ అంగళ్ల చట్టం రాష్ట్రానిది, ఆ 29లో అది లేదు. ఈ మాట విని టెన్షన్ పడకండి.

ఇక దరఖాస్తు. మహారాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్ ఆపలే సర్కార్‌లో అకౌంట్ తెరిచి, కామ్‌గార్ (కార్మిక) విభాగంలో ఫార్మ్ ఎఫ్ నింపాలి. పైన చెప్పిన సూచన ఇచ్చే ఫారం ఇదే. ఆధార్, పాన్, ఫోటో, సంతకం, స్వయంఘోషణ పత్రం అప్‌లోడ్ చేయాలి. కొత్త అంగడైతే తెరిచిన 60 రోజుల్లోపు ఇవ్వాలి. ఆలస్యమైందని భయపడి మొదలుపెట్టిన తేదీని మార్చి రాయమంటే ఒప్పుకోకండి, ఆ ఘోషణ మీద సంతకం మీది. కట్టాల్సిన సొమ్ము నామమాత్రమే, ఎంతో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఆన్‌లైన్ సేవా కేంద్రంలో చేయిస్తే పక్కన కూర్చుని ఆ అంకె చూడండి.

మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అంగడి ఫోటో దగ్గర. అందులో బోర్డు మరాఠీలో, దేవనాగరి లిపిలో కనిపించాలి. తెలంగాణ నుంచి వచ్చే గిరాకీ కోసం మనం తెలుగులో పెద్దగా, ఇంగ్లిష్‌లో కాస్త చిన్నగా రాయించుకుంటాం. ఆ ఫోటో పెడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. అప్పుడే ఏజెంట్ "నేను సెట్ చేస్తా" అంటూ రేటు పెంచుతాడు. సెట్ చేయడానికి అక్కడ ఏమీ లేదు. అంగళ్ల చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం చిన్న అంగడికైనా మరాఠీ బోర్డు తప్పదు. మరాఠీ పేరు మొదట ఉండాలి, దాని అక్షరాలు మిగతా భాషల అక్షరాల కంటే చిన్నవి కాకూడదు. అంతే. తెలుగు తీసేయమని ఎక్కడా లేదు. మరాఠీ కింద అదే సైజులో తెలుగు ఉంచుకోవచ్చు, కాబట్టి ఉన్న బోర్డు పీకేయనక్కర్లేదు, పైన ఒక మరాఠీ పట్టీ రాయిస్తే సరిపోతుంది.

పేరు రాయించేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. ఫార్మ్‌లో ఇంగ్లిష్‌లో కొట్టిన పేరు మరాఠీ గడిలో దానంతటదే మారిపోతుంది, చాలాసార్లు తప్పుగా. "మంగళ" అని ఉండాల్సింది "మంగల" అవుతుంది. మరాఠీలో మన ళ లాంటి అక్షరమే ఉంది, దాన్ని అడిగి పెట్టించుకోండి. చెన్న, కొండ లాంటి పేర్లలోని హ్రస్వ ఎ, ఒ లకు మామూలు దేవనాగరిలో అక్షరం లేదు, కాబట్టి దగ్గరగా ఎలా రాసినా ఫర్వాలేదు. బోర్డు మీద, ఫార్మ్‌లో ఒకేలా ఉండటం ముఖ్యం. రేపు బ్యాంకులో కరెంట్ అకౌంట్‌కు వెళ్తే వాళ్లు ముందుగా చూసేది పేరే.

ఇంకొకటి, దీన్ని మాత్రం అశ్రద్ధ చేయకండి. అకౌంట్‌లో మీ సొంత మొబైల్ నంబరే ఉండాలి. చాలామంది ఏజెంట్లు తమ నంబరు పెట్టేస్తారు. తర్వాత చిరునామా మార్చాలన్నా, పావతీ మళ్లీ తీసుకోవాలన్నా ఓటీపీ వాళ్లకే వెళ్తుంది, ప్రతిసారీ వాళ్లనే బతిమాలుకోవాలి. ఓటీపీ మీ ఫోన్‌కు రాకపోతే ఫార్మ్ అక్కడే ఆపించండి.

అంతా సరిగ్గా ఉంటే ఫార్మ్ జి పేరుతో పావతీ వస్తుంది. దానికి గడువు తేదీ ఉండదు. అయితే అది మీరు సమాచారం ఇచ్చారనడానికి రుజువు మాత్రమే. స్థలం మీదనడానికి అది హక్కుపత్రం కాదు. తినే సరుకు అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ వేరుగా తీసుకోవాల్సిందే.

పాత చట్టం కింద తీసుకున్న సర్టిఫికెట్‌లో గడువు ఇంకా మిగిలి ఉంటే అది తీరేదాకా చెల్లుతుంది. తీరాక ఫార్మ్ ఎఫ్ ఇవ్వండి, చాలు. పనివాళ్లు ఇరవై, అంతకుమించి ఉన్నవాళ్లకు ఈ దారి లేదు, వాళ్లు ఫార్మ్ ఎ తో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఎవరైనా ఇంకా "రెన్యువల్" అంటే, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో కాగితం మీద రాసిమ్మని అడిగి, దాన్ని జిల్లా కామ్‌గార్ ఆఫీసులో చూపించండి.