నుసుములను గుర్తుపట్టడం – 3వ పాఠం: రెక్క, పొట్ట

నుసుములంటే జీవాల రక్తం తాగే బుల్లి ఈగలు. పోయిన పాఠంలో గొర్రెల రొప్పం పక్కన దీపపు ఉచ్చు కట్టి, పడినవన్నీ 70 శాతం ఆల్కహాల్‌లో వేసుకోమన్నాను. ఇప్పుడు ఆ సీసాను తెల్ల సాసర్‌లోకి వంపి మైక్రోస్కోప్ కింద పెట్టండి. 20 రెట్లు చూపేదైతే చాలు.

అనంతపురం పల్లెల్లో ఒంటిమీద వాలిన ప్రతి చిన్నదాన్నీ దోమ అనేస్తాం. నేనైతే మొదటిసారి సీసా మొత్తం 'దోమపిల్లలు, ఇంకా ఎదగలేదు' అని పారబోశాను! రెక్కలొచ్చాక పురుగు ఎదగదు. రాగిగింజంత ఉన్నది చచ్చేదాకా అంతే ఉంటుంది.

పొడుగు తొండం, రెక్క సిరల మీద పొలుసులు ఉంటే దోమ. ఒళ్లంతా బొచ్చుంటే ఇసుక ఈగ. రెంటినీ పక్కకు తీసేయండి. 1 నుంచి 3 మిల్లీమీటర్లుండి, కాస్త గూనివీపు, పొట్టి మూతి, రెక్క మీద నలుపు తెలుపు మచ్చలు ఉన్నవి మన నుసుములు. డిప్టెరా క్రమం, సెరటోపోగొనిడే కుటుంబం, క్యూలికాయిడిస్ ప్రజాతి. ఈ ఒక్క ప్రజాతిలోనే 1,300కు పైగా జాతులున్నాయి. చాక్లెట్ చెట్టు పూలకు పరాగం మోసేవి కూడా ఈ కుటుంబంవే, కానీ వాటి ప్రజాతి వేరు.

రెక్క ముందు అంచున పక్కపక్కనే రెండు చిన్న గదులు కనిపిస్తాయి. రెండో గదిని చూడండి. దాని చివర తెల్లబడితే ఇమికోలా అనే జాతి వైపు, చివరిదాకా నల్లగా ఉంటే పెరెగ్రినస్ అనే జాతి వైపు వెళ్లాలి. ఇది తొలి వడపోత మాత్రమే. మిగతా మచ్చలు కూడా సరిపోలితేనే పేరు రాయండి.

మీసాలు కుచ్చులా ఉన్నవి మగవి, అవి కుట్టవు. గుడ్ల కోసం రక్తం కావలసింది ఆడవాటికే. చర్మాన్ని కత్తెరలా కోసి, ఊరిన రక్తం తాగుతాయి.

ఇక అసలు పని ఆడవాటి పొట్ట చూడటం. లేత రంగులో ఉంటే ఇంకా గుడ్లు పెట్టలేదు. పొట్ట చర్మమే నల్లద్రాక్ష రసం ఒలికినట్టు ఎర్రబారి ఉంటే ఒకసారైనా గుడ్లు పెట్టింది. కోయకుండానే ఇలా తేల్చవచ్చని 1969లో డైస్ అనే కీటక శాస్త్రవేత్త చూపించాడు. తాజాగా రక్తం తాగినదాని పొట్ట ఎర్రగానే ఉన్నా లోపల ముద్దలా ఉబ్బుతుంది, రెంటినీ కలపకండి.

నీలినాలుక వ్యాధి (మన కాపరుల మూతివాపు) గొర్రెకు అంటించేవి ఎక్కువగా ఈ ఎర్రబారినవే. ముందు రోగమున్న జీవాన్ని కుట్టి, కడుపులో వైరస్ పెరిగాక ఇంకోదాన్ని కుట్టాలి కదా. అందుకే వానల తర్వాత సీసాలో ఎన్ని పడ్డాయన్నదానికన్నా ఎన్ని ఎర్రబారాయన్నదే నేను ముందు లెక్కేస్తాను.

ఈ వారం 50 ఆడవాటిని చూసి లేతవి, ఎర్రవి విడివిడిగా రాసుకోండి. వచ్చే పాఠానికి నీళ్లతొట్టి కింది బురద ఒక గుప్పెడు డబ్బాలో తెచ్చుకోండి. మూత గట్టిగా బిగించకండి.