ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో గుంపుల బాక్స్‌ప్లాట్లు, 4వ పాఠం: ఏ చుక్క ఏ డబ్బాది?

పోయిన పాఠంలోని చింతపండు ధరల పట్టికతో మీరు గీసిన బొమ్మలు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చాయి. డబ్బాలు (ధరల్లో నడిమి సగం ఎక్కడుందో చూపే పెట్టెలు) చక్కగా జంటలుగా నిలబడ్డాయి: ప్రతి సంతకూ గింజతో ఒకటి, గింజ తీసింది ఒకటి. ఒక్కో ధరకు ఒకటిగా పెట్టిన చుక్కలు మాత్రం ఏది ఏ డబ్బాదో తెలియకుండా జంట మొత్తం మీద చెల్లాచెదురుగా పడ్డాయి. అందుకే ఈసారి చెబుదామనుకున్న రంగుల సంగతి వాయిదా వేస్తున్నాను.

డబ్బాలు గీసే 'జియోమ్_బాక్స్‌ప్లాట్' ఫిల్‌ను (దేన్నిబట్టి రంగు నింపాలో చెప్పేది, ఇక్కడ రకం) చూసి డబ్బాలను పక్కపక్కకు జరుపుతుంది. చుక్కలు చల్లే 'జియోమ్_జిట్టర్' అలా జరపదు, సంత నడిమధ్య నుంచి అటూ ఇటూ చల్లుతుంది. పైగా నిలువునా కూడా కదుపుతుంది! ధరలు పూర్తి రూపాయల్లో ఉంటే, 150 అన్నది 149.6 నుంచి 150.4 దాకా ఎక్కడైనా పడొచ్చు. ధరను కదిపే బొమ్మ నాకొద్దు. నేను ఎప్పుడూ ఇలాగే రాస్తాను:

జీజీప్లాట్(ధరలు, ఏఈఎస్(సంత, ధర, ఫిల్ = రకం)) +
జియోమ్_బాక్స్‌ప్లాట్(ఔట్‌లయర్.షేప్ = ఎన్‌ఏ) +
జియోమ్_పాయింట్(పొజిషన్ = పొజిషన్_జిట్టర్‌డాడ్జ్(జిట్టర్.విడ్త్ = 0.2, సీడ్ = 7))

ఫిల్ మొదటి వరుసలోనే ఉండాలి. బాక్స్‌ప్లాట్ లోపల రాస్తే చుక్కలకు అందదు. సీడ్ (చల్లడానికి మొదలుపెట్టే సంఖ్య) ఇస్తే ప్రతిసారీ చుక్కలు అదే చోట పడతాయి. డబ్బాల వెడల్పు మార్చకండి, మారిస్తే చుక్కలు పక్కకు ఎంత జరగాలో చెప్పే 'డాడ్జ్.విడ్త్' కూడా మార్చాలి.

ఇక రెండో వరుసలోని ఎన్‌ఏ, అంటే విడి చుక్కకు ఏ ఆకారమూ వద్దని. దాన్ని అనవసరమని తీసేసినవాళ్లే ఎక్కువ. గుణుపురం సంతలో గింజ తీసిన చింతపండుకు మన అభ్యాస పట్టికలో ఎనిమిది వారాల ధరలున్నాయి: 140, 144, 148, 150, 152, 155, 160, 210. మొదటి చతుర్థాంశం (డబ్బా కింది అంచు) 147, మూడోది (పై అంచు) 156.25, తేడా 9.25. ఆ తేడాకు ఒకటిన్నర రెట్లు 156.25కి కలిపితే పై హద్దు 170.125. అందుకని పై మీసం (డబ్బా నుంచి పైకి పోయే గీత) 160 దగ్గరే ఆగుతుంది, 210ని బాక్స్‌ప్లాట్ విడిగా చుక్క పెట్టి చూపిస్తుంది. ఆ తర్వాత జియోమ్_పాయింట్ వచ్చి అదే 210కి కాస్త పక్కన ఇంకో చుక్క పెడుతుంది. ఎనిమిది ధరలకు తొమ్మిది చుక్కలు! చూసినవాడు రెండు వారాలు ధర మండిందనుకుంటాడు. లేని వారాన్ని బొమ్మలో పుట్టించినట్టే కదా. ఎన్‌ఏ పెడితే బాక్స్‌ప్లాట్ పెట్టే చుక్క ఒక్కటే పోతుంది. పట్టికలో 210 అలాగే ఉంటుంది, డబ్బా మారదు. ఆ వరుసనే పట్టిక నుంచి కొట్టేసినవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, అది నిజంగా పలికిన ధర అయి ఉండొచ్చు.

ఇంకొకటి: ఒకచోట పర్లాకిమిడి, ఇంకోచోట పారలాఖెముండి అని ఎక్కిస్తే ఆర్‌కు అవి రెండు సంతలు. ముందే సరిచూసుకోండి.

అభ్యాసం: 210ని 171 చేయండి, తర్వాత 170 చేయండి. ఎన్‌ఏ తీసేసి రెండుసార్లూ గీసి చుక్కలు లెక్కపెట్టండి. తేడా ఎందుకొచ్చిందో చేత్తో లెక్క వేసి, బొమ్మలతోపాటు ఆ కాగితం ఫొటో కూడా పంపండి.