స్పైవేర్‌ను తొలగించిన తర్వాత ఇంటర్నెట్ ఆగిపోతే దానిని తిరిగి రప్పించే విధానం

మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి మన పనులను గమనించే స్పైవేర్‌ను తొలగించిన వెంటనే ఇంటర్నెట్ ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యే సమస్య. మనం చూసే ప్రతి పేజీనీ కనిపెట్టి ఉండాలంటే ఆ ప్రోగ్రామ్ బ్రౌజర్‌కూ బయటి నెట్‌వర్క్‌కూ మధ్య నిలబడాలి. అందుకోసం అది ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) అమరికలోనో, వెబ్‌సైటు పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ చిరునామాలోనో, ఏ పేరుకు ఏ చిరునామానో రాసి ఉండే హోస్ట్స్ ఫైలులోనో, ప్రోగ్రాములను నెట్‌వర్క్‌తో కలిపే విన్‌సాక్ అనే విండోస్ భాగంలోనో చోటు సంపాదించుకుంటుంది. యాంటీవైరస్ ఆ ప్రోగ్రామ్‌ను తుడిచివేస్తుంది గాని, అది మార్చిపోయిన అమరికలను ప్రతిసారీ సరిచేయదు. ఆ అమరికలను ఒక్కొక్కటిగా పూర్వస్థితికి తెస్తే చాలు. ఇందుకోసం కంప్యూటర్‌ను విశాఖ ద్వారకానగర్‌లోని దుకాణానికి తీసుకువెళ్లి విండోస్‌ను మళ్లీ వేయించి, ఫొటోలనూ పత్రాలనూ పోగొట్టుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ముందుగా లోపం కంప్యూటర్‌దేనా అన్నది తేల్చుకోవాలి. అదే వైఫైతో ఫోను పనిచేస్తూ ఉంటే, లైన్‌లో లోపం లేదని తెలుస్తుంది. కేబుల్‌తో కలిపిన డెస్క్‌టాప్ అయితే ప్లగ్గును ఒకసారి తీసి చూడటం మంచిది. పెదవాల్తేరు వంటి తీరప్రాంతపు ఇళ్లలో ఉప్పుగాలికి లోహపు భాగాలు చిలుము పట్టడం విశాఖవాసులకు తెలిసిన విషయమే. ఆ తర్వాత ఫోనును యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అప్పుడు ఇంటర్నెట్ వస్తే, లోపం కంప్యూటర్‌లోని వైఫై లేదా ల్యాన్ అడాప్టర్‌కు సంబంధించిన అమరికల్లో ఉండవచ్చు. అప్పటికీ రాకపోతే, అన్ని దారులకూ ఉమ్మడిగా ఉండే ప్రాక్సీనో, విన్‌సాక్‌నో, నెట్‌వర్క్ రాకపోకలను అదుపుచేసే ఫైర్‌వాల్‌నో అనుమానించాలి. ఈ ఒక్క పరీక్ష మిగిలిన పనిని చాలావరకు తగ్గిస్తుంది.

ఏ అమరికనైనా మార్చేముందు ఇప్పుడున్న వివరాలను కాగితం మీద రాసుకోవాలి. కేబుల్ ఆపరేటర్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్న ఇళ్లలో కొన్నిచోట్ల స్థిరమైన ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య) ఇస్తారు, మరికొన్నిచోట్ల యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో డయల్ చేసే పద్ధతి ఉంటుంది; రీసెట్ చేసినప్పుడు ఇవి చెరిగిపోతే ఆపరేటర్‌కు ఫోన్ చేయక తప్పదు. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను వెతికి, దానిపై కుడి క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇక్కడ చెప్పే ఆదేశాలను ఇంగ్లిషు అక్షరాలతో, పదానికీ పదానికీ మధ్య ఖాళీ వదిలి టైపు చేయాలి. ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ అని ఇస్తే చిరునామాలన్నీ కనిపిస్తాయి. చిరునామా 169.254తో మొదలైతే రూటర్ నుంచి కంప్యూటర్‌కు చిరునామా అందలేదని అర్థం. అప్పుడు ‘ఐపీకాన్ఫిగ్ /రిలీజ్’, ఆ తర్వాత ‘ఐపీకాన్ఫిగ్ /రెన్యూ’ ఇచ్చి, విండోస్ సర్వీసుల జాబితాలో, రూటర్ నుంచి చిరునామా తీసుకునే డీహెచ్‌సీపీ క్లయింట్ నడుస్తున్నదో లేదో చూడాలి.

చిరునామా సరిగానే ఉండి పేజీలు తెరుచుకోకపోతే మొదట చూడవలసినది ప్రాక్సీ. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ విభాగం కింద ప్రాక్సీ పేజీని తెరిస్తే, అక్కడ 127.0.0.1 అనే చిరునామా, పక్కన ఒక పోర్టు సంఖ్య కనిపించవచ్చు. అది మీ కంప్యూటర్ తనను తాను సూచించుకునే చిరునామా: స్పైవేర్ అక్కడ కూర్చుని వచ్చిపోయే సమాచారాన్ని చదివేది, ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. ప్రాక్సీ సర్వర్ వాడే మీటనూ, సెటప్ స్క్రిప్ట్ మీటనూ ఆఫ్ చేయండి. క్రోమ్, ఎడ్జ్ ఈ అమరికనే అనుసరిస్తాయి గాని, ఫైర్‌ఫాక్స్‌కు తన సొంత ప్రాక్సీ పేజీ ఉంది కనుక దానిని విడిగా చూడాలి. ఆఫీసు లేదా కళాశాల కంప్యూటర్ అయితే అక్కడి ప్రాక్సీ సంస్థ పెట్టినదే కావచ్చు. నిర్వాహకులను అడగకుండా దానిని తీయకూడదు.

తర్వాతది డీఎన్ఎస్. ‘పింగ్ 8.8.8.8’ (గూగుల్ సర్వర్ ఒకదాని చిరునామా) అని ఇచ్చినప్పుడు జవాబు వచ్చి, వెబ్‌సైటు పేరుతో ఇచ్చినప్పుడు రాకపోతే, లోపం పేర్లను చిరునామాలుగా మార్చే ఈ వ్యవస్థలోనే ఉండే అవకాశం ఎక్కువ. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) లక్షలాది కంప్యూటర్లలో ఈ చిరునామాలను మార్చివేసింది. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దర్యాప్తుతో దానిని నడిపిన ముఠా పట్టుబడినా, జనం ఇబ్బంది పడకుండా ఆ ముఠా సర్వర్ల స్థానంలో తాత్కాలికంగా వేరే సర్వర్లు నడిపించారు. 2012 జూలై 9న వాటిని ఆపివేయగానే, అమరికలు సరిచేసుకోని కంప్యూటర్లకు పేర్లను వెతికే దారి మూసుకుపోయింది. మన ఇంటి కంప్యూటర్‌లోనూ అలాంటి మార్పు మిగిలి ఉండవచ్చు. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో మీ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, ఐపీ వెర్షన్ 4లోనూ 6లోనూ డీఎన్ఎస్ చిరునామా తనంతట తాను తీసుకునేలా ఎంచుకుని, ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ ఇవ్వండి. ఇంట్లో ఫోన్లు కూడా తప్పుడు పేజీలకు వెళుతూ ఉంటే రూటర్‌లోని డీఎన్ఎస్ మారిందని అనుమానించి, అక్కడ కూడా సరిచేసి, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి.

కొన్ని సైట్లు మాత్రమే, ముఖ్యంగా యాంటీవైరస్ సంస్థలవి, తెరుచుకోకపోతే సీ డ్రైవ్‌లోని విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల వరుసలో ఉండే హోస్ట్స్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన నోట్‌ప్యాడ్‌లో చూడండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యేవి వివరణలు మాత్రమే. అవి కాక మీకు తెలియని వరుసలుంటే వాటిని తీసివేసి ఫైలును సేవ్ చేయండి.

ఇక విన్‌సాక్. కొన్ని స్పైవేర్లు తమ ఫైలును ఇందులో ఒక కొక్కెంలా చేర్చేవి. ఫైలు తొలగిపోగానే గొలుసు మధ్యలో తెగి, ఐపీ చిరునామా ఉన్నా ఏ ప్రోగ్రామూ నెట్‌వర్క్‌ను అందుకోలేకపోయేది. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇది పెద్ద బెడద. ఎక్స్‌పీకి వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్‌తో విండోస్‌లోకే మందు వచ్చింది. ‘నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్’ అని ఇచ్చి (మొదటి పదంలో ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అనే అయిదు అక్షరాలు కలిసి ఉంటాయి), తర్వాత ‘నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ ఐపీ రీసెట్’ ఇచ్చి కంప్యూటర్‌ను తప్పనిసరిగా రీస్టార్ట్ చేయాలి. స్థిర ఐపీ వాడేవారు ఇందాక రాసుకున్న సంఖ్యలను మళ్లీ నింపాలి.

ఇంతవరకు చేసినా ఫలితం లేకపోతే, ఒకదాని తర్వాత ఒకటిగా వేసి తీసివేసిన భద్రతా ప్రోగ్రాముల ఫైర్‌వాల్ డ్రైవర్ ఏదైనా మిగిలిందేమో చూడాలి. దానికి ఆయా సంస్థలే ఇచ్చే తొలగింపు సాధనాన్ని ఫోను ద్వారా తెచ్చుకుని నడపవచ్చు. విండోస్ 10, 11లలో నెట్‌వర్క్ రీసెట్ అనే అవకాశం కూడా ఉంది. అది అడాప్టర్లన్నింటినీ తీసి మళ్లీ వేస్తుంది, వైఫై పాస్‌వర్డ్‌లను మరచిపోతుంది, కనుక దానిని చివరకే ఉంచుకోవడం మేలు.

ఇంటర్నెట్ రాగానే బ్యాంకు పేజీ తెరవకండి. రీస్టార్ట్ చేసిన తర్వాత ప్రాక్సీ చిరునామా దానంతటదే తిరిగి కనిపిస్తే స్పైవేర్ ఇంకా లోపలే ఉందని గట్టిగా అనుమానించాలి; అప్పుడు మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత శుద్ధి సాధనాలను కూడా అందిస్తుంది. కంప్యూటర్ శుభ్రంగా ఉందని నమ్మకం కలిగేవరకు ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచే మార్చుకోవాలి. ఈలోపు ఖాతాలో డబ్బు పోయినట్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయాలి.