తుపాను రాకముందే క్లౌడ్ ఖాతా సర్దుకోండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పర్లాకిమిడిలో ముందు కరెంటు పోయింది, వెనకే టవర్లు పడుకున్నాయి. అంతకు ముందు రాత్రే నేను క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా కంప్యూటర్లు అద్దెకిచ్చే చోట, ఒక జీపీయూ (భారీ లెక్కలు చేసే చిప్) ఉన్న మెషీన్ తీసుకుని, తెల్లారాక ఆపుదాంలే అని ఏఐ మోడల్‌కు ట్రైనింగ్ పెట్టి పడుకున్నాను. ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది గానీ ఎక్కడో డేటాసెంటర్‌లో ఉన్న ఆ మెషీన్ తిరుగుతూనే ఉంది. ట్రైనింగ్ అయిపోయినా మీటరు ఆగదు కదా. మళ్లీ సిగ్నల్ దొరికేదాకా దాన్ని ఆపే దారే లేకపోయింది. గంటకు అర డాలరు అద్దె అనుకోండి. 5 రోజులకు 120 గంటలు, అంటే 60 డాలర్లు. దానిమీద 18 శాతం జీఎస్టీ.

అక్టోబరు అంటే మనకు భయమే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, రెండూ 12వ తారీఖునే వచ్చాయి. బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి పిల్లలు ప్రాజెక్టు కోసం మొదటిసారి క్లౌడ్ ఖాతా తెరిచేది కూడా ఈ రోజుల్లోనే. మీరు చూడకపోయినా, మీ ఊళ్లో నెట్ లేకపోయినా మెషీన్ దానంతటదే ఆగేలా ఖాతా తెరిచిన రోజే కట్టుదిట్టం చేసుకోండి. నేను చెప్పేవన్నీ దానికోసమే.

ముందు మెయిల్ సంగతి. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో ఖాతా తెరవకండి. చదువు అయ్యాక అది పోతే పాస్‌వర్డ్ మార్చుకునే దారి కూడా దానితోనే పోతుంది. ఫోన్ నంబరు కూడా మీదే ఇవ్వండి, పక్కనున్న స్నేహితుడిది కాదు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో మొదట వచ్చే, అన్ని అధికారాలూ ఉండే రూట్ లాగిన్‌కు పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళంగా ఎంఎఫ్ఏ (ఫోన్లో వచ్చే కోడ్ లాంటిది) పెట్టండి. అది కూడా ఒక్క ఫోన్లోనే వద్దు, ఇంకో పరికరంలో కూడా. వానలో ఫోన్ తడిసి పోతే ఖాతా బయటే నిలబడాల్సి వస్తుంది. రోజువారీ పనికి వేరే యూజర్‌ను చేసుకుని, రూట్‌ను పక్కన పెట్టెయ్యండి.

ఉచితం విషయంలో పాత వీడియోలను నమ్మకండి. ఏడబ్ల్యూఎస్‌లో '12 నెలలు ఫ్రీ' అన్న మాట 2025 జులై 15 నుంచి తెరిచిన ఖాతాలకు పాతపద్ధతిలో వర్తించదు. ఇప్పుడు ఫ్రీ ప్లాన్, పెయిడ్ ప్లాన్ అని రెండు అడుగుతుంది. ఫ్రీ ప్లాన్ 6 నెలలు గానీ, ఇచ్చిన క్రెడిట్లు (బిల్లుకు వాడుకోమని ఉచితంగా ఇచ్చే మొత్తం) అయిపోయేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే. నేర్చుకునేవాళ్లకు ఇదే మేలు, క్రెడిట్లు అయ్యాక కార్డు మీద పడదు. గూగుల్ క్లౌడ్ అయితే 90 రోజులకు 300 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది. మీరే పెయిడ్‌కు మారితే తప్ప కార్డు మీద కోత పడదు. ఆ మారే బటన్ మాత్రం తొందరపడి నొక్కకండి.

అందరూ పొరబడేది, ఖర్చు ఇంత దాటితే చెప్పే బడ్జెట్ అలర్ట్ దగ్గర. 'వెయ్యి రూపాయలకు అలర్ట్ పెట్టాను, టెన్షన్ లేదు' అంటారు. అలర్ట్ కబురు చెబుతుందే గానీ మెషీన్‌ను ఆపదు. ఆ కబురు కూడా మెయిల్‌కు వస్తుంది. టవర్ లేనప్పుడు మెయిల్ చూసేదెవరు? పైగా బిల్లు లెక్కలు కొన్ని గంటలు ఆలస్యంగా చేరతాయి. అలర్ట్ పెట్టండి, కానీ దాని మీదే భారం వెయ్యకండి.

ఆపడానికి నేను చేసేది ఇది. ట్రైనింగ్ స్క్రిప్టులో మోడల్‌ను స్టోరేజీలో దాచాక చివరి వరుసగా షట్‌డౌన్ కమాండ్ రాస్తాను. కోడ్ మధ్యలో ఎర్రర్ వస్తే ఆ చివరి వరుసకు చేరదు. అందుకని మెషీన్ లేవగానే '6 గంటల తర్వాత ఆగిపో' అని టైమరు కూడా పెడతాను. ఏడబ్ల్యూఎస్‌లో ఇంకో దారుంది. సీపీయూ వాడకం గంటసేపు 5 శాతం లోపే ఉంటే మెషీన్‌ను స్టాప్ చెయ్యమని, మెషీన్లను కనిపెట్టి చూసే క్లౌడ్‌వాచ్‌లో అలారం పెట్టొచ్చు. ఇది ట్రైనింగ్ మెషీన్లకే. జనం వాడే యాప్ నడిచే మెషీన్‌కు పెడితే రాత్రి ఎవరూ రానప్పుడు యాప్ పడుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజ్యూర్ వాడేవాళ్లు మాత్రం ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: లోపలినుంచి షట్‌డౌన్ కొడితే అక్కడ అద్దె ఆగదు. పోర్టల్‌లో స్టాప్ నొక్కి, 'డీఅలొకేటెడ్' (మెషీన్‌ను వదిలేసినట్టు) అని వచ్చిందో లేదో చూడాలి. రోజూ ఫలానా గంటకు ఆగేలా ఆటో షట్‌డౌన్ పెట్టుకునే వీలు అందులోనే ఉంది.

మా పిన్ని కొడుకు ఒకసారి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఏడబ్ల్యూఎస్‌లో మెషీన్ల లిస్టు ఖాళీగా ఉంది చూడు, అయినా డబ్బులు పడుతున్నాయి" అన్నాడు. స్క్రీన్ పైన కుడివైపు మూల చూడమన్నాను. ముంబై అని ఉంది. రీజియన్, అంటే మెషీన్లు ఉండే ప్రాంతం, మార్చి అమెరికాలోని వర్జీనియా పెట్టగానే మెషీన్ పచ్చగా 'రన్నింగ్' అని కనిపించింది. ఏదో ట్యుటోరియల్ చూస్తూ అక్కడ తెరిచి మరిచిపోయాడు. ఒక రీజియన్‌లోది ఇంకో రీజియన్ లిస్టులో కనబడదు. మనకు దగ్గర్లో ముంబై, హైదరాబాద్ ఉన్నాయి. ఒకటి ఎంచుకుని అక్కడే ఉండండి. హైదరాబాద్ కావాలంటే ముందుగా ఖాతాలో ఎనేబుల్ చెయ్యాలి.

మెషీన్ ఆపినా డిస్కు అద్దె నడుస్తుంది. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఏడబ్ల్యూఎస్‌లో మెషీన్‌కు నెట్‌లో ఉండే పబ్లిక్ ఐపీ (ఐపీవీ4) చిరునామాకూ గంటకు 0.005 డాలరు, అంటే నెలకు దాదాపు 3.65 డాలర్లు. మీ పేరున అట్టేపెట్టుకున్న చిరునామా, అంటే ఎలాస్టిక్ ఐపీ, అక్కర్లేకపోతే రిలీజ్ చెయ్యండి.

పాస్‌వర్డ్‌లా ఖాతాలోకి దారిచ్చే సీక్రెట్ కీలను కోడ్ రాసే నోట్‌బుక్‌లో రాసి, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టకండి. వాటికోసం వెతికే బాట్లు (దానంతటవే తిరిగే ప్రోగ్రాములు) నిమిషాల్లో పట్టేస్తాయి. పొరపాటున పెట్టేస్తే ఫైలు తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత కమిట్‌లో (గిట్‌హబ్ దాచుకునే పాత ప్రతిలో) అది అలాగే ఉంటుంది. ముందు ఆ కీనే రద్దు చెయ్యండి, ఫైలు సంగతి తర్వాత. ఆ నోట్‌బుక్‌లను నడిపే జుపిటర్ వాడే 8888 పోర్టును (మెషీన్‌లోకి వచ్చే తలుపును) పాస్‌వర్డ్ లేకుండా లోకమంతటికీ తెరిచి పెట్టినా అంతే. ఎవడో వచ్చి మీ ఖర్చుతో క్రిప్టో తవ్వుకుంటాడు.

చిన్న మోడల్‌ను అందరికీ చూపించడానికి అసలు రాత్రింబవళ్లు నడిచే మెషీన్ ఎందుకు? ఏడబ్ల్యూఎస్‌లో ల్యాంబ్డా, గూగుల్‌లో క్లౌడ్ రన్ లాంటివి ఎవరైనా అడిగినప్పుడే లేచి పనిచేస్తాయి. మొదటి జవాబు కాస్త ఆలస్యమవుతుంది. మోడల్‌ను ఎప్పుడూ సిద్ధంగా ఉంచే ఏడబ్ల్యూఎస్ సేజ్‌మేకర్ రియల్‌టైమ్ ఎండ్‌పాయింట్ అయితే ఎవరూ రాకపోయినా గంటల లెక్కన డబ్బు తీసుకుంటుంది. ప్రాజెక్టు చూపించగానే దాన్ని డిలీట్ చెయ్యండి.

వాయుగుండం తుపానుగా మారిందని వాతావరణ శాఖ చెప్పిన రోజు ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు ఫుల్ చార్జింగ్ పెట్టి, వాడిన రీజియన్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడండి. డిస్కుకు స్నాప్‌షాట్ (నకలు) తీసి, అది 'కంప్లీటెడ్' అయ్యాకే మెషీన్‌ను టెర్మినేట్ చెయ్యండి, అంటే పూర్తిగా తీసెయ్యండి. వేరే ఊళ్లో, నెట్ ఉండే చోట ఉన్న నమ్మకస్తుడికి మెషీన్లను ఆపే అనుమతి మాత్రమే ఉన్న యూజర్ ఒకటి చేసి ఇవ్వండి. నాకు విజయనగరంలో మా బావ ఉన్నాడు. గాలి మొదలయ్యేలోపు ఒక్కసారి లాగిన్ అయి చూపించమంటాను.