కోళ్ల గూడు కట్టే ముందు ఇవి చూసుకోండి

చోటు: వానాకాలంలో నీళ్లు నిలిచే పల్లం వద్దు. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడదు.

కొలత: పది నాటుకోళ్లు రాత్రి పడుకోవడానికి కనీసం 20 చదరపు అడుగులు. తలుపు మనిషి వంగి వెళ్లి ఊడ్చేంత ఉండాలి.

జాలీ: ఇక్కడ పిసినారితనం పనికిరాదు. షాపులో ‘కోళ్ల జాలీ’ అని ఇచ్చే పల్చటి ఆరు మూలల వల కోడిని లోపల ఉంచుతుంది కానీ కుక్కను ఆపలేదు. అర అంగుళం కన్నున్న వెల్డ్‌మెష్ (అడ్డం నిలువు తీగలను వెల్డింగ్ చేసిన గట్టి వల) అడగండి. చుట్టూ అడుగు లోతు తవ్వి దాని అంచును మట్టిలో పాతాలి. మొదటిసారి నేను ఆ పని ఎగ్గొట్టాను. ముంగిస కిందనుంచి దూరి ఒక్క రాత్రిలో నాలుగు పెట్టలను చంపింది. మెడ మీద రెండు పంటిగాట్లు, అంతే.

పైకప్పు: రేకైతే మీద కొబ్బరాకులు పరవండి, మే నెలలో తెలుస్తుంది వాటి విలువ. గాలికి లేవకుండా తీగతో కట్టండి.

గడియ: కుక్క మూతితో నెడితే ఊడే కొక్కెం కాకుండా బోల్టు గడియ.

జాలీ కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. కింద పడిన తీగ ముక్కలు, మేకులు ఏరాకే కోళ్లను వదలాలి. మెరిసేది ఏది కనపడినా మింగేస్తాయి.