రాతి డ్రిల్లుకు నూనె పెట్టడం ఎలా?

రిపేరుకు వచ్చిన జాక్‌హామర్‌ను, అంటే గాలితో నడిచే రాతి డ్రిల్లును, విప్పితే చాలాసార్లు కనిపించేవి ఇవే: సిలిండర్ గోడల మీద నిలువు గీతలు, పిస్టన్ మూతి మీద నల్లటి మాడు, బెజ్జం వేసే రాడ్‌ను పట్టుకునే చక్ లోపల ఇటుక రంగు పొడి. తెచ్చినవాళ్లు మాత్రం స్పేర్లు నాసిరకం అంటారు, కంప్రెషర్‌ను తిడతారు, రాయి గట్టిదంటారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు గట్టిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ రాయిని ఢీకొనేది రాడ్ మొనకు ఉన్న టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క. సిలిండర్‌కు రాయి తగలదు. సిలిండర్ గీసుకుపోయిందంటే నూనె అందలేదన్నమాట, లేదా నూనె పేరుతో ఇంకేదో అందిందన్నమాట.

పెద్ద క్వారీల్లో డైమండ్ వైర్ కోత వచ్చాక జాక్‌హామర్ పని కొంత తగ్గింది. అయినా బ్లాకులు చీల్చే వరుస బెజ్జాలకు, బావిలో బండ తీయడానికి ఇంకా అదే దిక్కు. కాబట్టి ఈ పని ఒకసారి సరిగ్గా నేర్చుకోండి.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. కంప్రెషర్ నుంచి వచ్చిన గాలిని వాల్వు ఒకసారి పిస్టన్‌కు పైనుంచి, ఒకసారి కిందినుంచి వదులుతుంది. నిమిషానికి సుమారు 2,000 దెబ్బలు. పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు రైఫిల్ బార్ అనే కడ్డీ మెలికల వెంట కాస్త తిరుగుతుంది. దానితో చక్, చక్‌తో రాడ్ తిరుగుతాయి. తిరుగుడు ఒకే వైపుకు ఉండేలా రాట్చెట్ చూసుకుంటుంది. ఇన్ని భాగాలు ఉన్నా, వీటికి విడిగా గ్రీజు పెట్టే చోటు సాధారణంగా ఉండదు. నూనె గాలితో పాటే రావాలి. పైగా పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఉంటుంది. అక్కడి నూనె పొరే గాలి జారిపోకుండా ఆపుతుంది. పొర పోతే దెబ్బ బలం తగ్గుతుంది. డ్రిల్లర్ ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు, రాడ్ బిగుసుకుంటుంది, మళ్లీ తిట్లు కంప్రెషర్‌కే.

కావలసినవి

లైన్ ఆయిలర్ (గాలి పైపు మధ్యలో బిగించి, గాలిలోకి నూనెను తుంపరగా వదిలే డబ్బా) ఒకటి, రాక్ డ్రిల్ ఆయిల్, శుభ్రమైన గరాటు, స్క్రూడ్రైవర్, తెల్ల అట్టముక్కలు, పీచు రాలని గుడ్డ. కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు ఎలాగూ పెట్టుకునే ఉంటారు.

నూనె గురించి మాత్రం రెండు మాటలు. డబ్బా మీద ఐఎస్‌ఓ వీజీ అని ఒక అంకె వేస్తారు. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె చిక్కదనం అది. మే నెలలో మన క్వారీ గుంతలో మధ్యాహ్నం ఉండే వేడి కూడా ఇంచుమించు అదే కాబట్టి మనకు ఆ అంకె ఉన్నదున్నట్టు పనికొస్తుంది. చలికాలం 100, మిగతా కాలమంతా 150. ఇంతకు మించి ఆలోచించే పని లేదు. 32, 46 అనే పలచటి రకాలు చలి దేశాలకు. దుకాణంలో అవి చవకగా వస్తున్నాయని ఇక్కడికి తేవద్దు.

రాక్ డ్రిల్ ఆయిల్‌లో దెబ్బకు చిట్లని గుణం, లోహాన్ని అంటిపెట్టుకునే గుణం, గాలిలో వచ్చే నీటితో కలిసిపోయి కూడా పనిచేసే గుణం తయారీలోనే కలుపుతారు. ఇంజన్ ఆయిల్ అలాంటి పనికి చేసింది కాదు. గాలి వెంట వచ్చే తడి దాన్ని కడిగేస్తుంది. లారీలోంచి తీసిన పాత ఆయిల్ సంగతి చెప్పనక్కర్లేదు, అందులో మసి, లోహపు రజను ఉంటాయి. దాన్ని పోయడమంటే సిలిండర్‌కు సానపట్టడమే.

డీజిల్ అసలు పోయవద్దు. "లోపల జిడ్డు పట్టింది, కాస్త డీజిల్ పోసి ఊదితే వదులుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి క్వారీలో ఒకరు ఉంటారు. సిలిండర్‌లో వేడెక్కిన గాలికి డీజిల్ తుంపర తగిలితే లోపలే అంటుకోవచ్చు. పిస్టన్ మూతి మాడేది అలాగే. కిరోసిన్‌కూ ఇదే మాట.

ఆయిలర్ బిగించడం

ముందు కంప్రెషర్ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేయండి. ఇది రోజూ పొద్దున్నే చేయాలి, వానాకాలంలో మధ్యాహ్నం కూడా. తర్వాత హోస్ పైపు చివరను గట్టిగా పట్టుకుని, మనుషులు లేని వైపుకు తిప్పి, గాలితో ఊది మట్టి వదిలించండి. కొత్త పైపు అయితే లోపల కాస్త రాక్ డ్రిల్ ఆయిల్ పోసి ఊదండి. పొడి రబ్బరు గోడ తడిసేదాకా నూనెను తనే తాగుతుంది, డ్రిల్లు దాకా రానివ్వదు.

ఆయిలర్ డ్రిల్లుకు 3 నుంచి 4 మీటర్ల దూరంలో ఉండాలి. కంప్రెషర్ పక్కన బిగించి 30 మీటర్ల పైపు వేస్తే, తుంపరగా బయల్దేరిన నూనె దారిలో గోడలకు పట్టి కిందికి జారి, పైపు ఎక్కడ వంగితే అక్కడ మడుగు కడుతుంది. ఆయిలర్ ఒంటి మీద ఉన్న బాణం గుర్తు డ్రిల్లు వైపు చూడాలి. తిరగేసి బిగిస్తే గాలి పోతుంది, నూనె పోదు. కొన్ని ఆయిలర్లలో నూనె పీల్చే గొట్టానికి బరువు కట్టి ఉంటుంది, ఎటు పడేసినా అది నూనెలోనే మునిగి ఉంటుంది. అలాంటిది కాకపోతే కింద వైపు ఏదో చూసి పెట్టండి.

హ్యాండిల్‌లోనే చిన్న నూనె గది ఉన్న డ్రిల్లులు కూడా ఉన్నాయి. నాకు అవి నచ్చవు. పట్టే నూనె తక్కువ, పదేపదే మూత తీయాలి, రాతిపొడి మధ్యలో మూత తీసిన ప్రతిసారీ పొడి లోపలికి పోతుంది. ఆ గది ఉన్నా సరే, లైన్ ఆయిలర్ పెట్టండి.

నూనె పోసే ముందు గాలి కట్టేసి, డ్రిల్లు మీట నొక్కి పైపులో మిగిలిన గాలిని పూర్తిగా వదిలేయాలి. ఆ తర్వాతే మూత. ఆయిలర్ లోపల కూడా 6 బార్ల ఒత్తిడి ఉంటుందని మరిచిపోయి మూత తిప్పితే మూత, నూనె రెండూ ముఖం మీదికే వస్తాయి.

సూది తిప్పడం

అసలు పని ఇదే. అందరూ చెడగొట్టేది కూడా ఇక్కడే. ఆయిలర్ మీద ఉండే సర్దుబాటు సూదిని ఎంత తెరవాలి?

కంపెనీ పుస్తకంలో రాసి ఉంటే అక్కడ మొదలుపెట్టండి. లేకపోతే సూదిని మెల్లగా పూర్తిగా మూసి, అరచుట్టు తెరవండి. మూసేటప్పుడు బలం చూపిస్తే సూది కొన చెడుతుంది, ఇక అది జన్మలో సరిగ్గా సర్దుకోదు. రాడ్ పెట్టి, రాతి మీద నిలబెట్టి, మామూలు పనిలో ఎంత గాలి ఇస్తారో అంత ఇచ్చి నడపండి. రాడ్ లేకుండా గాలిలో ఉత్తినే కొట్టించవద్దు, ఆ దెబ్బంతా ముందు భాగం మీద పడుతుంది.

ఇప్పుడు ఆగండి. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. సూది తిప్పిన ఫలితం డ్రిల్లు దగ్గర వెంటనే కనిపించదు. తుంపర ముందు ఆ 3 మీటర్ల పైపు గోడను తడపాలి, తర్వాతే లోపలికి చేరాలి. ఆగే ఓపిక లేనివాడు "నూనె రావడం లేదు" అని ఇంకో అరచుట్టు తిప్పుతాడు. కాసేపటికి ఇంకోటి. పది నిమిషాలకు మూడు సర్దుబాట్ల నూనె కలిసి ఒకేసారి వస్తుంది. డ్రిల్లు నీలం పొగ కక్కుతుంది, డ్రిల్లర్ చొక్కా ముద్దవుతుంది. అప్పుడు కోపంతో సూదిని పూర్తిగా మూసేస్తారు. పైపు గోడకు పట్టిన నూనెతో ఇంకో గంట బాగానే నడుస్తుంది కాబట్టి మూసేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మధ్యాహ్నం భోజనం తర్వాత సిలిండర్ గీసుకుంటుంది. పొద్దున నూనె ఎక్కువైందని చెప్పిన డ్రిల్లే సాయంత్రం నూనె లేక చెడిపోవడం వెనక ఉన్న కథ ఇంతే.

కాబట్టి తిప్పేది పావుచుట్టు. ఆగేది పది నిమిషాలు, డ్రిల్లు నడుస్తూ ఉండగా. ఆ తర్వాతే చూడటం.

చూడటం రెండు చోట్ల. మొదటిది, గాలి బయటికి వచ్చే రంధ్రం. తెల్ల అట్టముక్కను దానికి జానెడు దూరంలో అర నిమిషం పట్టండి. రాతిపొడి తప్ప ఏమీ అంటకపోతే నూనె చాలదు. చుక్కలు కారితే ఎక్కువ. పలచగా, సమంగా ఒక మెరుపు పట్టాలి.

చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. అది చాలదు. ఆ రంధ్రం సిలిండర్ మధ్యలో ఉంటుంది. అక్కడ నూనె కనిపించిందంటే సిలిండర్ దాకా వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. నూనె చివరగా చేరే చోటు చక్. అన్నిటికంటే ఎక్కువ రాపిడి పడేదీ అదే. కాబట్టి తీర్పు చెప్పాల్సింది రాడ్ షాంక్. గాలి కట్టి, రాడ్ లాగి, చక్‌లో కూర్చునే ఆ 22 మిల్లీమీటర్ల ఆరు పలకల మొదలును వెలుతురులో చూడండి. ఆరు పలకల మీదా పలచటి తడి ఉండాలి. తలకు నూనె రాసుకున్నట్టు ఉండాలి, చెంపల మీదికి కారకూడదు. ఇటుక రంగు పొడి అంటి ఉంటే లోహం లోహాన్ని పొడిగా రాసుకుంటోందని అర్థం. షాంక్ కొన నీలంగా మారితే అది కాలింది. వెంటనే ఆపి, నూనె ఎక్కడ ఆగిందో వెతకండి. తెల్లటి నురగలాంటి జిడ్డు కనిపిస్తే కంగారు పడవద్దు. అది నూనె, నీరు కలిసినది, మంచి రాక్ డ్రిల్ ఆయిల్ చేయాల్సిన పనే అది. కానీ మరీ ఎక్కువగా ఉంటే ట్యాంకు నీళ్లు వదల్లేదన్నమాట. నీళ్లతో బెజ్జం వేసే డ్రిల్లు అయితే లోపలి నీటి గొట్టం దగ్గర లీకు చూడండి.

షాంక్ చూడటానికి విడిగా సమయం దొరకదని చెప్పేవాళ్లకు ఒక మాట. బెజ్జం లోతు పెరిగే కొద్దీ 0.8 మీటర్ల రాడ్ తీసి 1.6 మీటర్లది, అది తీసి 2.4 మీటర్లది పెడుతూనే ఉంటారు కదా. రాడ్ ఎలాగూ చేతిలోకి వస్తుంది. కోలారు బంగారు గనిలో పనిచేసి, 2001లో అది మూతపడ్డాక మా వైపు వచ్చిన ఒక పెద్దాయన రాడ్ మార్చిన ప్రతిసారీ షాంక్‌ను గుడ్డతో ఒకసారి తుడిచి, ఆ గుడ్డను చూసి, ఏమీ మాట్లాడకుండా ఆయిలర్ దగ్గరికి వెళ్లేవాడు, లేదా వెళ్లేవాడు కాదు. అంతకంటే పెద్ద విద్య ఇందులో లేదు.

సర్దుబాటు ఒకసారి కుదిరాక సూది పక్కన పెయింటుతో గీత పెట్టండి. మధ్యాహ్నం ఎండకు నూనె పలచబడి ఎక్కువ పోతుంది కాబట్టి భోజనం తర్వాత ఒకసారి మళ్లీ అట్ట, మళ్లీ షాంక్. సాయంత్రానికి ఆయిలర్ పొద్దున నింపినంత నిండుగానే ఉంటే, ఎంత బాగా నడిచినట్టు అనిపించినా నూనె పోలేదు.

ఎక్కువైతే నష్టమేముంది అనే వాదన కూడా వింటుంటాను. గాలిలో పొగలా తేలే ఆ నూనెను పీల్చేది డ్రిల్లర్, పక్కనున్న హెల్పర్. లోతైన బావిలో అయితే ఆ పొగ బయటికి పోయే దారి కూడా ఉండదు. వాల్వు జిడ్డుకు అతుక్కుని డ్రిల్లు నత్తనడక నడుస్తుంది. ఇక గంటకోసారి పైపు విప్పి డ్రిల్లులోకి గరిటెడు నూనె పోసే పద్ధతి అయితే రెండు జబ్బులనూ ఒకేసారి తెస్తుంది: మొదటి ఐదు నిమిషాలు వరద, తర్వాత గంట కరువు. ఆయిలర్ కొనడానికి డబ్బు లేదని ఇలా చేసేవాళ్లు ఏడాది తిరగకుండా దాని ధరకు మించి పిస్టన్లకు, చక్ బుష్‌లకు పెడుతుంటారు.

పని ముగిశాక

నీళ్లతో వేసిన రోజైతే నీళ్లు కట్టేసి, కాసేపు గాలితోనే నడిపి లోపలి తడి పోగొట్టండి. నాలుగైదు రోజులు పని ఉండదనుకుంటే గాలి వచ్చే రంధ్రంలో కొద్దిగా రాక్ డ్రిల్ ఆయిల్ పోసి, రెండు మూడు సెకన్లు తక్కువ గాలి ఇచ్చి లోపలంతా పట్టించండి. గరిటెతో పోయడాన్ని తప్పుపట్టి ఇప్పుడు ఇదేమిటనకండి, ఇది తుప్పు పట్టకుండా ఉండటానికి, పని చేయించడానికి కాదు. మళ్లీ పని మొదలుపెట్టేటప్పుడు ఆ నూనె బయటికి చిమ్ముతుంది, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని మెల్లగా గాలి ఇవ్వండి.

డ్రిల్లును నేల మీద పడేయకుండా చెక్క మీద పెట్టి, గాలి రంధ్రానికి, చక్ మూతికి చెక్క బిరడాలు బిగించండి. గుడ్డ కుక్కవద్దు. దాని పీచు నూనెతో కలిసి వాల్వులోకి పోతుంది, దాన్ని తీయాలంటే డ్రిల్లు మొత్తం విప్పాలి.